వచ్చేటప్పుడు ఆగుతాను

మీనాకుమారి కాళ్ళకి కుదురు లేదు. మధ్యాహ్నం రెండు గంటలకి ద్రాక్షారామం మెయిన్ రోడ్డు మీద మనిషన్నవాడు కనబడడు. ఆ వేళప్పుడు ఆవిడ తమ స్టీలు సామాన్ల కొట్లో స్టూలు మీద కూర్చుని గ్లాసుల మీద పేర్లు చెక్కుతూ ఉంటుంది. మిషను జుయ్యిమంటుంది, చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, అక్షరం గుండ్రంగా పడుతుంది. కాళ్ళు మాత్రం బల్ల కింద ఎటో బయల్దేరి ఉంటాయి. మడమ నేల మీద ఆనదు. ఒకసారి అలా కదిలిన కాలు తగిలి పన్నెండు పళ్ళేల దొంతర పడింది. ఆ మోతకి ఎదుటి మందుల షాపు ఆయన పరిగెత్తుకొచ్చాడు.

ఆ స్టూలు గురించి చెప్పాలి. టేకుది. అత్తగారు పాపాయిగారు ముప్ఫై ఏళ్ళు దాని మీదే కూర్చుని వ్యాపారం చేశారు. పొద్దున్న ఎనిమిదికి ఎక్కితే భోజనానికి దిగడం, మళ్ళీ ఎక్కితే దీపాలు పెట్టాక దిగడం. ఓ రోజు దిగుదామంటే మోకాళ్ళు లొంగలేదు. అక్కణ్ణుంచి ఆరేళ్ళు గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో గడిపి, ఆ కుర్చీలోంచే వెళ్ళిపోయారు. పోయే ముందు కోడలి చెయ్యి పట్టుకుని, "నా కాళ్ళని ఆ స్టూలే తినేసిందే అమ్మాయ్," అన్నారు. అప్పటికే ఆ స్టూలు కోడలిదై ఆరేళ్ళయింది. మొగుడు జగన్నాథరావు దానికి కొత్త దిండు కూడా కుట్టించి తెచ్చాడు. "కూర్చో మీనా, మెత్తగా ఉంటుంది," అన్నాడు. మంచి మనిషే. మంచివాళ్ళతోనే వస్తుంది అసలు తంటా.

అత్తగారు పోయిన ఏడే మీనాకుమారికి షుగరు బయటపడింది. నడవమన్నాడు కాకినాడ డాక్టరు. ఆవిడ కాలవగట్టు మీద నడిచింది, నెల తిరక్కుండా నడక సరిపోక పరిగెత్తింది. నలభై అయిదేళ్ళ మనిషి, పెద్ద బజారులో కొట్టున్న ఇంటి కోడలు, చుడీదారు మీద చున్నీ బిగించి కట్టుకుని తెల్లవారకుండా గట్టు మీద పరుగు. ఊరు ఓ నెల నోరు నొక్కుకుంది, తర్వాత అలవాటు పడింది. ఆడపిల్లల హైస్కూల్లో ఆటలు నేర్పే సాయిదుర్గ టీచరు తోడైంది. ఆ అమ్మాయే చెప్పింది, డిసెంబరులో విశాఖలో మారథాన్ ఉందని. నలభై రెండు కిలోమీటర్లు.

"అంత దూరం మనిషన్నవాడు పరిగెడతాడా?" అన్నాడు జగన్నాథరావు అన్నం కలుపుతూ.

"దుర్గ టీచరు కిందటేడు పరిగెత్తారండి."

"ఆ అమ్మాయికి ఇరవై తొమ్మిది. నీకు షుగరు."

"షుగరుందనే కదండీ మొదలుపెట్టింది."

అతను ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. కార్తీకమాసంలో కాకినాడ క్లబ్బు వాళ్ళెవరో ద్రాక్షారామంలో కోటిపల్లి దారిన పరుగు పెడుతున్నారని, అందులో ఇరవై ఒక్క కిలోమీటర్లు పరిగెడితే విశాఖకి అదే తయారీ అవుతుందని సాయిదుర్గ చెప్పిన సంగతి అతనికీ తెలుసు.

"సరే. ఈ కోటిపల్లి దారి పరుగు మూడు గంటల్లో పూర్తి చేసి రా. విశాఖపట్నం నేనే తీసుకెళ్తాను. మూడు దాటిందా, ఆ బూట్లు అటక మీద పెట్టేద్దాం. ఇంక ఆ మాట ఎత్తద్దు."

"మాటేనా?"

"మాటే."

ఆ కొట్లో మాటంటే మాటే. "ఎల్లుండి రండి" అన్నారంటే ఎల్లుండికి బిందె మీద పేరు పడి, తుడిచి, కాగితం చుట్టి సిద్ధంగా ఉండాల్సిందే. పాపాయిగారు నేర్పిన పద్ధతి అది. మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ ఒంటబట్టింది, వదిలించుకుందామన్నా వదలదు.

ఆ రోజు నుంచి మీనాకుమారికి నిద్ర లేదు. సాధనలో ఇరవై కిలోమీటర్లూ రెండు గంటల నలభై నిమిషాల్లో పూర్తవుతున్నాయి. మూడు గంటలంటే చేతిలో పనే. అయినా లోపల ఒకటే గుబులు. ఏదో మర్చిపోయాననిపించేది. ఏమిటది? బూట్లా, నీళ్ళా, మాత్రలా? ఒకటికి పదిసార్లు చూసుకునేది. అన్నీ ఉన్నాయి. అయినా ఏదో ఉంది.

పరుగునాడు ఆదివారం, పొద్దున్న అయిదున్నర. గుడి వైపు రోడ్డు మీద గాలి నింపిన తోరణం, రెండొందల మంది జనం, మైకులో పాటలు. జగన్నాథరావు చేతి గడియారం రేడియోతో సరిచూసుకుని మరీ వచ్చాడు. సాయిదుర్గ చెవి దగ్గరికి వచ్చి అంది: "ఆంటీ, ఇది పోటీ కాదు, రిహార్సలు. ఎక్కడ నీళ్ళు తాగాలో, ఎక్కడ నెమ్మదించాలో ఒంటికి తెలియడానికి. ఒక్కటే గుర్తుంచుకోండి. మధ్యలో ఆగకండి. ఆగితే కాళ్ళు పట్టేస్తాయి."

"ఆగనమ్మా," అంది మీనాకుమారి. అంతకంటే తేలికైన మాట ఇంకోటి లేదనుకుంది.

కోటిపల్లి వైపు పదిన్నర కిలోమీటర్లు వెళ్ళాలి, అక్కడ పెట్టిన డ్రమ్ము చుట్టూ తిరిగి అదే దారిన వెనక్కి రావాలి. ఒక పక్క కాలవ, ఒక పక్క కంకి బరువుకి వంగిన వరి. గాలి చల్లగా ఉంది. మూడో కిలోమీటరు దాటేసరికి ఒంట్లో గుబులంతా చెమటై పోయింది. హాయిగా ఉంది, బాగా పరిగెడుతోంది.

అప్పుడు వినబడింది: "ఆంటీ, ఒక్క నిమిషం ఆగండి, బొట్టు పెట్టించుకుని వెళ్దురుగాని."

రోడ్డు పక్క డాబా గుమ్మంలో రామలక్ష్మి. కిందటి శ్రావణంలో కాపరానికి వచ్చిన కోడలు పిల్ల. ఆ పిల్ల సారె సామాను మీద పేర్లన్నీ చెక్కింది మీనాకుమారే. కార్తీకమాసం, పొద్దున్నే ముత్తయిదువ గుమ్మం ముందు నుంచి వెళ్తుంటే పిలవకుండా ఎవరుంటారు? పిలిస్తే పలక్కుండా ఎవరు పోతారు? మీనాకుమారి పరుగు ఆపలేదు. చెయ్యెత్తి, నవ్వి, నాలిక చివర ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట అనేసింది.

"వచ్చేటప్పుడు ఆగుతానమ్మా."

మా వైపు ఈ మాట అనని మనిషి ఉండడు. భోజనం చేసి వెళ్ళండంటే వచ్చేటప్పుడు ఆగుతామంటాం. మజ్జిగ తాగండంటే వచ్చేటప్పుడు తాగుతామంటాం. తర్వాత ఇంకో దారిన ఇంటికి చేరుకుంటాం. పిలిచినవాళ్ళకీ తెలుసు, అన్నవాళ్ళకీ తెలుసు. ఎవరి మర్యాద వాళ్ళకి దక్కుతుంది.

అయిదో కిలోమీటరు దగ్గర పల్లంరాజుగారు. రిటైరైన రెవెన్యూ ఉద్యోగి, బొండాల గెల పక్కన పెట్టుకుని, కత్తి పట్టుకుని నిలబడ్డాడు. "వచ్చేటప్పుడు ఆగుతానండి." ఆరో కిలోమీటరు దగ్గర ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. "వచ్చేటప్పుడు." ఎనిమిదో కిలోమీటరు దగ్గర రైసుమిల్లు వాళ్ళ పెద్దావిడ. "వచ్చేటప్పుడు తప్పకుండా." తొమ్మిది దగ్గర రత్తమ్మగారు, డెబ్భై ఏళ్ళ రైతు మనిషి, పసుపు కుంకుమల పళ్ళెంతో గేటు బయటే నిలబడి ఉంది. "వచ్చేటప్పుడు ఆగుతాను పిన్నిగారూ."

డ్రమ్ము చుట్టూ తిరిగేటప్పుడు గడియారం చూసుకుంది. గంటా ఇరవై ఒక్క నిమిషాలు. బ్రహ్మాండంగా ఉంది. మొహం ద్రాక్షారామం వైపు పెట్టింది, నాలుగడుగులు వేసింది. అప్పుడు తెలిసింది ఇన్నాళ్ళూ తను మర్చిపోయిందేమిటో.

ఈ దారి తిరిగి వస్తుంది. అవే గుమ్మాలు, అవే మనుషులు. అయిదు గుమ్మాల్లో అయిదు మాటలిచ్చి వచ్చింది.

రాత్రింబవళ్ళు బూట్లూ సాక్సులూ లెక్కపెట్టుకున్న బుర్రకి ఈ ముక్క ఎందుకు తట్టలేదో ఆవిడకే అర్థం కాలేదు. ఆగకుండా వెళ్ళిపోతే? రేపు ఆ మనుషులే కొట్టుకొస్తారు. ఏమీ అనరు. అదే నొప్పి. పైగా పళ్ళెంలో పసుపు కుంకుమ పట్టుకుని నిలబడ్డ డెబ్భై ఏళ్ళ మనిషిని దాటుకుని పరిగెత్తే కాళ్ళు తనవి కావు. ఆగితే అక్కడ మొగుడికిచ్చిన మాట ఉంది. అటక ఉంది. స్టూలుంది.

రత్తమ్మగారి గేటు ముందు అప్పుడే కుర్చీ వేసి ఉంది.

"కూర్చోండమ్మా, ఆయాసపడుతున్నారు."

"కూర్చోను పిన్నిగారూ, నిలబడే పెట్టించుకుంటాను. తొందరగా."

తొందర అన్న మాట రత్తమ్మగారికి పుట్టి బుద్ధెరిగాక ఎవరూ చెప్పినట్టు లేదు. పసుపు నెమ్మదిగా తడిపింది. పాదాలకి రాయాలంది. బూట్లు చూసి ఆలోచించింది. ఆఖరికి బూట్ల మీదే రెండు చుక్కలు పెట్టింది. నుదుట కుంకుమ, మెడకి గంధం, రవికెల గుడ్డ, రెండు అరటిపళ్ళు. మీనాకుమారి నిలబడ్డ చోటే కాళ్ళు ఆడిస్తూ ఉంది.

"మీ ఆయన నిన్న బండి మీద వచ్చి మరీ చెప్పి వెళ్ళారమ్మా. మా ఆవిడ ఇటు వస్తుంది, గుమ్మంలో ఓ కుర్చీ వేసి ఉంచండి అని. ఈ దారి పొడుగునా చెప్పుకుంటూ వెళ్ళారంట."

మీనాకుమారి కాళ్ళు ఆగిపోయాయి. "ఆయన చెప్పారా?"

"ఎంత ప్రేమమ్మా, మొగుడంటే అలా ఉండాలి."

ఆవిడ పరుగందుకుంది. నాలుగు నిమిషాలు పోయాయి. చేతిలో రవికెల గుడ్డ, పళ్ళు, గుండెలో నిప్పు. ప్రేమట. మూడు గంటలన్నాడు, మాటన్నాడు, వెనకాల దారి పొడుగునా కుర్చీలు వేయించాడు. ఇరవై రెండేళ్ళు కాపరం చేసిన మనిషి, తను ఎక్కడ ఆగుతుందో అతనికి తెలియదా? ఓడించాలనుకుంటే ఎదురుగా వద్దనచ్చు కదా. ఇంత మర్యాదగా ఓడించాలా?

రైసుమిల్లు పెద్దావిడ మంచినీళ్ళు ఇచ్చింది. గ్లాసు అంచు మీద పేరు, తన చేతి రాతే. ఎప్పుడో ఆ స్టూలు మీద కూర్చుని చెక్కింది. సగం తాగి గ్లాసు తిరిగిచ్చేసింది. ఇక్కడా ఓ కుర్చీ. అక్కాచెల్లెళ్ళ ఇంటి ముందు రెండు కుర్చీలు. పల్లంరాజుగారు బొండం కొట్టి, నీళ్ళు తాగాక సగానికి చీల్చి లేత కొబ్బరి తినేదాకా వదల్లేదు. మోకాలి నొప్పులకి ఏ ఆకు కట్టాలో కూడా చెప్పాడు. "కూర్చోండి కూర్చోండి" అని ఆయన అన్నప్పుడల్లా ఆవిడకి పాపాయిగారి ప్లాస్టిక్ కుర్చీ కనబడింది. ఏ గుమ్మంలోనూ కూర్చోలేదు. అదొక్కటే పట్టుదలగా చేసింది.

రామలక్ష్మి గుమ్మం చేరేసరికి గడియారం రెండు గంటల ముప్ఫై అయిదు చూపిస్తోంది. ఇంకా మూడున్నర కిలోమీటర్లు. పిల్ల ఆవిడ మొహం చూసింది, చూడగానే గ్రహించింది. కుంకుమ భరిణె పట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి రోడ్డెక్కింది.

"మీరు ఆగకండి ఆంటీ."

పక్కనే పరిగెడుతూ, ఒక చేత్తో ఆవిడ గడ్డం పట్టుకుని, బొట్టు పెట్టింది. అది నుదుటికి కాకుండా కనుబొమ్మకి అంటింది. ఇద్దరికీ నవ్వొచ్చింది. అంత మంటలోనూ మీనాకుమారికి కళ్ళనీళ్ళొచ్చాయి. ఇంకా సమయం ఉంది. గట్టిగా వెళ్తే చేరుకోవచ్చు.

గట్టిగానే వెళ్ళింది. సాయిదుర్గ ఎందుకు ఆగద్దందో అప్పుడు తెలిసింది. ఆగి, లేచి, ఆగి, లేచి, పిక్క లోపల ఏదో మెలిపడుతోంది. పద్దెనిమిది దాటాక మలుపులో రోడ్డు పక్కన స్కూటరు, దాని పక్కన జగన్నాథరావు, అతని ముందు స్టూలు. వేరే ఏదో కుర్చీ కాదు. కొట్లో టేకు స్టూలు, దిండుతో సహా. స్కూటరు ముందు పెట్టుకుని తెచ్చాడు.

దాన్ని చూడగానే పిక్క పట్టేసింది. మీనాకుమారి రోడ్డు మీద ఒంటికాలి మీద నిలబడిపోయింది.

"కూర్చో, కూర్చో," అని అతను స్టూలు ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ముట్టుకోకండి నన్ను. మీరు వేయించిన కుర్చీలేనండి నన్ను ఓడించింది. ఓడిపోవాలనే కదా వేయించారు."

అతను తెల్లబోయాడు. "ఓడిపోవాలనా? ఈ కాలవ పక్కన ఒక్కదానివే కళ్ళు తిరిగి పడిపోతే ఎవరు చూస్తారని వేయించాను. ప్రతి రెండు కిలోమీటర్లకీ ఎవరో ఒకరు గుమ్మంలో నీకోసం చూస్తూ ఉంటారని. నువ్వు రాకపోతే నాకు ఫోను చేస్తారని. మూడు రోజుల్నించి నాకు నిద్ర లేదు, తెలుసా?" స్టూలు దగ్గరికి జరిపాడు. "ముందు కూర్చో మీనా. రెండు నిమిషాలు."

"కూర్చోను."

"కాలు చూడు ఎలా ఉందో."

"కూర్చుంటే లేవనండి. అత్తయ్యగారు లేచారా?"

అంత మాట ఆవిడ ఎన్నడూ అనలేదు. అతను స్టూలు వంక చూశాడు, భార్య వంక చూశాడు.  స్టూలు పక్కకి నెట్టేసి రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆవిడ పాదాన్ని తన తొడ మీద పెట్టుకుని పిక్క రుద్దడం మొదలుపెట్టాడు. ఆవిడ అతని భుజం పట్టుకుని నిలబడింది. పక్క నుంచి పరుగు మనుషులు వెళ్తున్నారు, ఆటోలో జనం తలలు బయటపెట్టి చూస్తున్నారు, అందులో కొట్టు ఖాతాదారులున్నారు. అతను తలెత్తలేదు. బూటు మీద పసుపు అతని తెల్ల పంచెకంతా అంటుకుంది.

"వెళ్ళు," అన్నాడు చివరికి. "ఇంకా టైముంది."

లేదు. ఇద్దరికీ తెలుసు.

తోరణం కిందికి ఆవిడ చేరేసరికి మైకు వాళ్ళు వైర్లు చుడుతున్నారు. సాయిదుర్గ గట్టిగా కావలించుకుని మెడలో పతకం వేసింది. స్కూటరు మీద ముందే వచ్చిన జగన్నాథరావు గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. ఆవిడ అతని మొహం వంక చూసింది. తన గడియారం చూసుకోలేదు. అతను అయిదు నిమిషాలు తగ్గించి చెప్పినా నమ్మేసేది, పది తగ్గించినా.

"మూడు గంటల ఆరు నిమిషాలు," అన్నాడు జగన్నాథరావు.

ఆ క్షణాన అతని మీద పుట్టిన కోపం అంతా ఇంతా కాదు. గ్లాసు మీద పేరులో ఒక చుక్క తగ్గినా మళ్ళీ చెక్కమనే మనిషి. తల్లి పెంపకం. తనదీ అదే కొలిమి, ఏం చేస్తుంది. "ఆరు నిమిషాలు ఎక్కువే," అంది, స్కూటరెక్కింది.

ఇంటికొచ్చి వంట చేసింది, వడ్డించింది, వెళ్ళి పడుకుంది. కొట్టు కిందా ఇల్లు పైనా కావడంతో మధ్యాహ్నమంతా కింద ఠకఠకమని సుత్తి మోత. ఆదివారం కొట్టు మూసి ఉంచి ఇప్పుడా మేకులు కొట్టడం, ఒక్కపూట మనిషిని పడుకోనివ్వడు కదా అనుకుంది. పక్కకి తిరిగి పడుకుంది, కాళ్ళు నొప్పులతో కూడా కదులుతూనే ఉన్నాయి. విశాఖ సముద్రం పక్కన ఎలా ఉండేదో అనుకుంది. దిండు తడిసింది.

సోమవారం కార్తీక ఉపవాసం. స్నానం చేసి, దీపం పెట్టి, బూట్లు కడిగింది. బురద పోయింది గాని రత్తమ్మగారు పెట్టిన రెండు పసుపు చుక్కలు ఎంత రుద్దినా పోలేదు. ఎండలో ఆరబెట్టింది. పది గంటలకి వాటిని గుడ్డసంచీలో పెట్టుకుని, కొట్టు వెనక గదిలోకి దిగింది. జగన్నాథరావు ముందు వైపు ఎవరికో కుక్కరు చూపిస్తున్నాడు. ఇటు తిరగలేదు. మాట ఇచ్చింది తను, పెట్టాల్సింది తను.

నిచ్చెన వేసుకుని అటక మీదికి తల పెట్టింది.

అటక చిన్నది. పాత తూనిక రాళ్ళ పెట్టె, విరిగిన ఫ్యాను, పాపాయిగారి ప్లాస్టిక్ కుర్చీ ఎప్పటి నుంచో అక్కడే ఉన్నాయి. మధ్యలో ఎప్పుడూ ఓ మూర ఖాళీ ఉండేది. ఇప్పుడా ఖాళీలో టేకు స్టూలు ఉంది. దిండుతో సహా, కాళ్ళు పైకి పెట్టి, గోడకీ గోడకీ మధ్య బిగించి ఉంది. చెయ్యి దూరే సందు లేదు.

మీనాకుమారి నిచ్చెన మీద ఎంతసేపు నిలబడిందో ఆవిడకే తెలియదు. ఏడుపొచ్చింది, చున్నీతో మొహం తుడుచుకుంది. దిగి గది గుమ్మంలోకి వచ్చాక అప్పుడు చూసింది. పేర్లు చెక్కే మిషను పాత బల్ల మీద లేదు. గోడకి ఛాతీ ఎత్తున కొత్త చెక్క బిగించి ఉంది, మిషను దాని మీద ఉంది. నిలబడి చెక్కుకునేంత ఎత్తు. మేకుల తలలు రెండు వంకరగా దిగాయి.

సంచీ చేత్తో పట్టుకుని ముందు వైపుకి వచ్చింది. కుక్కరు బేరం కుదరక ఆ మనిషి వెళ్ళిపోయాడు. జగన్నాథరావు గళ్ళ తువ్వాలుతో కుక్కరు మూత తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"జాగా ఉందా?" అన్నాడు తలెత్తకుండా.

"లేదండి."

అతను మూత కుక్కరు మీద పెట్టాడు, సరిగ్గా పడిందో లేదో చూశాడు.

"అయితే గుమ్మం పక్కన పెట్టు," అన్నాడు. "పొద్దున్నే వెతుక్కోకుండా ఉంటుంది."